పాత చైన్ సా కొనాలా, తక్కువ పొగ కొత్త మోడల్ కొనాలా? పక్కపక్కన పెట్టి తేల్చుకునే పద్ధతి

సుబాబుల్, జామాయిల్, సరుగుడు తోటల్లో కోత పని పట్టేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. సెకండ్ హ్యాండ్‌లో పాత స్టిల్ ఎంఎస్ 260 ఒకటి వస్తోంది, షోరూమ్‌లో ఎంఎస్ 261 ఉంది, రేటులో బోలెడు తేడా, ఏది తీసుకోమంటారు అని. లేదంటే హస్క్‌వర్నా 372 పాతదా, ఎక్స్-టార్క్ అని రాసున్న 372నా అని. అడిగిన ప్రతివాడికీ పక్కనుంచి ఎవరో ఒకరు "పాతదే గట్టిది గురూ, కొత్తవన్నీ కరెంటు బొమ్మలు" అని ఒక మాట విసురుతారు. ఆ మాటలో సగం నిజం ఉంది, సగం లేదు. ఏ సగం నిజమో ఎవరికి వాళ్లు చూసుకునే పద్ధతి ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒకటి చెప్పేస్తా, హార్స్ పవర్ చూసి కొనకండి. పాతదానికీ కొత్తదానికీ అందులో పెద్ద తేడా ఉండదు. తేడా తేల్చేవి ముఖ్యంగా మూడు: రోజుకు ఎన్ని లీటర్లు కాలుస్తారు, మీ బంకులో దొరికే పెట్రోలు ఎలాంటిది, మిషన్ మొరాయిస్తే చూసే మెకానిక్ ఎంత దూరంలో ఉన్నాడు.

అసలు తేడా ఎక్కడుంది

మామూలు టూ స్ట్రోక్ ఇంజన్లో పిస్టన్ కిందికొచ్చినప్పుడు పొగ బయటికి పోయే దారి, కొత్త మిక్చర్ (ఆయిల్ కలిపిన పెట్రోలు, గాలి) లోపలికొచ్చే దారి రెండూ ఒకేసారి తెరుచుకుని ఉంటాయి. ఆర్టీసీ బస్సు ఒక డోర్లోంచి జనం దిగుతుంటే ఇంకో డోర్లోంచి తోసుకుంటూ ఎక్కుతారు చూడండి, ఆ తోపులాటలో అప్పుడే ఎక్కినవాడు కూడా అవతలి డోర్లోంచి రోడ్డు మీద పడతాడు, అలాగన్నమాట. లోపలికొచ్చిన పెట్రోల్లో సుమారు 25 నుంచి 30 శాతం కాలకుండానే సైలెన్సర్లోంచి బయటికెళ్లిపోతుంది. పాత మిషన్ పట్టుకుని రోజంతా పనిచేసినవాళ్ల చొక్కా సాయంత్రానికి పెట్రోలు కంపు కొట్టేది అందుకే, అది పొగ కాదు, మీరు డబ్బులిచ్చి కొన్న పెట్రోలు.

కొత్తవాటిల్లో ఏం చేశారంటే, కార్బరేటర్ దగ్గర రెండు దారులు పెట్టారు. ఒక దాంట్లో పెట్రోలు మిక్చర్ వస్తుంది, ఇంకో దాంట్లో ఉత్త గాలి. ఆ ఉత్త గాలి పిస్టన్ పక్కనున్న గుంటల్లోంచి వెళ్లి ట్రాన్స్‌ఫర్ పోర్టుల్లో, అంటే మిక్చర్ సిలిండర్లోకి వెళ్లే దారుల్లో, ముందుగా కూర్చుంటుంది. పోర్టు తెరుచుకోగానే మొదట ఈ గాలి వెళ్లి పొగని బయటికి తోస్తుంది, దాని వెనకాల మిక్చర్ వస్తుంది, బయటికి జారిపోయేదేమన్నా ఉంటే ఎక్కువ భాగం ఆ గాలే. స్టిల్ వాళ్లు దీన్ని టూ-మిక్స్ అంటారు, హస్క్‌వర్నా వాళ్లు ఎక్స్-టార్క్ అంటారు, జపాన్ జెనోవా వాళ్లు రెడ్‌మ్యాక్స్ పేరుతో స్ట్రాటో-చార్జ్‌డ్ అని తెచ్చారు. పేర్లు వేరు గానీ వంట ఒకటే. మెకానిక్కులు మామూలుగా స్ట్రాటో ఇంజన్ అనేస్తారు, నేనూ అలాగే రాస్తా.

కంపెనీలు ఇదంతా మన పెట్రోలు మిగలాలని చేయలేదు లెండి. అమెరికాలో ఈపీఏ అనే పర్యావరణ సంస్థ వాళ్లు 1997లో చేతి మిషన్లకి మొదటి లిమిట్ పెట్టారు, అప్పుడు 20 నుంచి 50 సీసీ లోపు ఇంజన్ ఒక కిలోవాట్ గంటకి 241 గ్రాముల దాకా హైడ్రోకార్బన్లు వదలొచ్చు. 2002 నుంచి విడతలుగా వచ్చిన రెండో దశలో నైట్రోజన్ ఆక్సైడ్లు కూడా కలిపి దాన్ని 50 గ్రాములకి దించేశారు. 50 సీసీ, ఆ పైన ఉన్నవాటికి 161 నుంచి 72కి. యూరప్ వాళ్ల పొగ రూలు స్టేజ్ ఫైవ్‌లో కూడా ఇవే 50, 72. పాత పద్ధతి ఇంజన్‌తో ఆ అంకె అందుకోవడం చాలా కష్టం, అందుకని డిజైనే మార్చాల్సొచ్చింది. మధ్యలో కొన్నాళ్లు హస్క్‌వర్నా వాళ్లు ఈ-టెక్ అని సైలెన్సర్లో క్యాటలిటిక్ కన్వర్టర్ పెట్టి లాక్కొచ్చారు, అంటే పెట్రోలు ఎలాగూ బయటికిపోతోంది కదా దాన్ని సైలెన్సర్లోనే కాల్చేద్దాం అని. పొగ తగ్గింది గానీ పెట్రోలు మిగల్లేదు, సైలెన్సర్ మాత్రం బాగా వేడెక్కిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో ఈ-టెక్ కనబడితే అది స్ట్రాటో కాదని గుర్తుపెట్టుకోండి.

1. ముందు అది ఏ తరం మిషనో తేల్చండి

పేరు చూసి మోసపోయేది ఇక్కడే. హస్క్‌వర్నా 365 అంటే పాతది 65.1 సీసీ మామూలు ఇంజన్, అదే 365 ఎక్స్-టార్క్ అంటే 70.7 సీసీ స్ట్రాటో. పేరు ఒకటే, లోపల పిస్టన్, సిలిండర్ వేరు, ఒకదాని సామాను ఇంకోదానికి పట్టదు. 372ఎక్స్‌పీ కూడా అంతే, రెండూ 70.7 సీసీనే, బయట నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి, స్టార్టర్ కవర్ మీద స్టిక్కర్ ఊడిపోయిందంటే చాలామంది పోల్చుకోలేరు. పిస్టన్ కిట్ ఆర్డర్ పెట్టేటప్పుడు ఇది చాలా ముఖ్యం.

స్టిల్‌లో అక్షరాలు చూడండి. ఎంఎస్ 261 వేరు, ఎంఎస్ 261 సి-ఎం వేరు. ఆ చివరి ఎం అంటే ఎం-ట్రానిక్, కార్బరేటర్‌ని చిన్న కంప్యూటర్ నడుపుతుంది. అది లేని 261 స్ట్రాటోనే గానీ, కార్బరేటర్ చేత్తో తిప్పుకునేదే. హస్క్‌వర్నాలో ఇలాంటి దాన్ని ఆటోట్యూన్ అంటారు, 550ఎక్స్‌పీలో ఉంది.

స్టిక్కర్లు నమ్మొద్దు, ఎయిర్ ఫిల్టర్ తీసి చూడండి. రెండు నిమిషాల పని. ఫిల్టర్ వెనక కార్బరేటర్ వైపు ఒకటే గుండ్రటి దారి ఉంటే పాత పద్ధతి ఇంజన్. ఒకదాని మీద ఒకటి రెండు దారులుంటే, లేదా ఒకే నోరు మధ్యలో అడ్డగోడ కట్టి రెండుగా చీలి ఉంటే స్ట్రాటో. యాక్సిలరేటర్ నెమ్మదిగా నొక్కి చూస్తే కొన్నిట్లో ముందు మిక్చర్ రేకు తెరుచుకుని, కాస్త ఆగి గాలి రేకు తెరుచుకోవడం కళ్లారా కనబడుతుంది. బజార్లో చవగ్గా దొరికే 58 సీసీ మిషన్ల మీద ఆకు బొమ్మేసి ఎకో అని, యూరో అని రాసి ఉంటుంది, ఫిల్టర్ ఊడదీస్తే చాలావాటిలో ఒకటే బొక్క కనబడుతుంది. ఇంక మాటలెందుకు.

కొత్తగా ప్యాకింగ్ విప్పిన మిషనల్లా కొత్త టెక్నాలజీ కూడా కాదు. స్టిల్ 070 అనే 105 సీసీ మొద్దు మిషన్ 1960ల నాటి డిజైన్, దాన్ని ఆసియా, ఆఫ్రికా దేశాల కోసం దశాబ్దాల పాటు చేస్తూనే ఉన్నారు.

అమెరికా నుంచి బంధువులెవరైనా తెస్తే దాని మీద ఈపీఏ లేబుల్ ఉంటుంది, అందులో 50 గంటలు, 125 గంటలు, 300 గంటలు అని ఏదో ఒకటి రాసి ఉంటుంది. అది చూసి "300 గంటలకే పోతుందంట" అని భయపడేవాళ్లున్నారు. అది ఇంజన్ ఆయుష్షు కాదండీ, అన్ని గంటల పాటు పొగ లిమిట్ దాటకుండా ఉంటుందని కంపెనీ ఇచ్చిన హామీ. 300 అని ఉంటేనే మంచిది.

2. కాగితం మీద అంకెలు, తొందరగా

50 సీసీలో స్టిల్ ఎంఎస్ 260 ఇంజన్ 50.2 సీసీ, 2.6 కిలోవాట్లు, బరువు బార్ (చైన్ తిరిగే పట్టీ) లేకుండా 4.8 కిలోల దగ్గర. మొదటి 261 వచ్చినప్పుడు 2.8 కిలోవాట్లు, 5.2 కిలోలు, అంటే పవర్ కొంచెం పెరిగింది గానీ చేతికి బరువూ పెరిగింది, అప్పట్లో పాతకాపులంతా తిట్టింది ఇందుకే, ఆ తిట్టులో న్యాయముంది. తర్వాత వచ్చిన 261 సి-ఎం 3.0 కిలోవాట్లు, 4.9 కిలోలు, ఇక్కడికొచ్చేసరికి ఆ గొడవ తీరిపోయింది.

70 సీసీలో ఇంకా బాగా తెలుస్తుంది. ఎంఎస్ 440 పాతది, 70.7 సీసీ, 4.0 కిలోవాట్లు, 6.3 కిలోలు. దాని తర్వాత స్ట్రాటోతో వచ్చిన 441 ఇంకా బరువెక్కింది, 6.6 కిలోలు. ఆ తర్వాతి 462 సి-ఎం 72.2 సీసీ, 4.4 కిలోవాట్లు, 6.0 కిలోలు. హస్క్‌వర్నా 372ఎక్స్‌పీ పాతది 3.9 కిలోవాట్లు, ఎక్స్-టార్క్ 4.1, కాకపోతే ఇది పాతదానికంటే బరువు.

నేను దీన్నుంచి చెప్పేది ఏంటంటే, తక్కువ పొగ మిషన్లలో మొదటి తరం, రెండో తరం అని రెండున్నాయి. మొదటి తరం బరువెక్కువ, అందుకోవడం నిదానం. "కొత్తవి పనికిరావు" అనేవాళ్లు చాలామంది ఆ మొదటి తరం పట్టుకుని అక్కడే ఆగిపోయినవాళ్లు. సెకండ్ హ్యాండ్‌లో 440, 441 రెండూ ఒకే రేటుకి వస్తే, రోజంతా పని కాకపోతే నేనైతే 440 తీసుకుంటా. అదే 462 వస్తే ఇంక ఆలోచించను.

3. పెట్రోలు లెక్క మీరే తీయండి

20 శాతం దాకా పెట్రోలు మిగులుతుందని రెండు కంపెనీలూ చెప్తాయి. "దాకా" అన్న మాట గమనించండి. మీ చెట్టు, మీ చైన్, మీ చెయ్యి మీద ఎంత మిగులుతుందో తెలియాలంటే పరీక్ష పెట్టాల్సిందే, అదేం పెద్ద కష్టం కాదు.

ఒకే దుంగ తీసుకోండి, అడుగు లావున్న పచ్చి జామాయిల్ అయితే బాగుంటుంది, మొదలు నుంచి చివరికి లావు పెద్దగా మారదు. రెండు మిషన్లకీ ఒకే సైజు బార్, ఒకే పిచ్ (లింకుల మధ్య దూరం) చైన్ ఉండాలి, వీలైతే ఒకే కొత్త చైన్‌ని ఒకదాన్నుంచి తీసి ఇంకోదానికి వేయండి. ఇది మాత్రం వదలొద్దు, ఎందుకంటే పదును పోయిన చైన్ తినే పెట్రోలు ముందు పాత ఇంజన్, కొత్త ఇంజన్ తేడా ఎందుకూ కొరగాదు. రంపపు పొట్టు పలుకులు పలుకులుగా రాలుతుంటే పదునున్నట్టు, పిండిలాగా వస్తుంటే ముందు ఆకురాయి పట్టుకోండి, మిషన్ల పోలిక తర్వాత.

ఇంజన్ వేడెక్కాక ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేసి, కొలిచి 250 మిల్లీలీటర్ల మిక్చర్ పోయండి. దుంగని బిళ్లలు బిళ్లలుగా కోస్తూ పోండి, మిషన్ బరువు మీదే కోయనివ్వండి, పైనుంచి అదమొద్దు. ఇంజన్ లాగడం మానేసే దాకా వచ్చిన బిళ్లలు లెక్కపెట్టండి. రెండో మిషన్‌తో అదే. మళ్లీ మొదటిదానితో ఇంకోసారి, మధ్యలో చైన్ పదును ఎంత తగ్గిందో దీన్నిబట్టి తెలిసిపోతుంది. పెట్రోలు పూర్తిగా అయిపోయే ముందు ఇంజన్ ఒక్కసారిగా రేసు పెరుగుతుంది, అంటే లీన్ అయిందని (పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైందని), అలా పెరగగానే ఆపేయండి, ఫుల్ యాక్సిలరేటర్లో చచ్చేదాకా నడపొద్దు.

ఇప్పుడు డబ్బు. పాత మిషన్ రోజుకి ఐదు లీటర్లు తాగుతుందనుకోండి, లీటరు 110 రూపాయలనుకోండి. పూర్తిగా 20 శాతం మిగిలితే రోజుకో లీటరు, ఏడాదికి 200 రోజుల పని ఉంటే 22,000 రూపాయలు, దాంట్లో కలిపే టూటీ ఆయిల్ అదనం. మీ పరీక్షలో 12 శాతమే వస్తే 13,200. రెండు మిషన్ల రేటు తేడాని దీంతో భాగిస్తే ఎన్నేళ్లలో గిట్టుబాటో వచ్చేస్తుంది. టన్ను లెక్కన కోసే ముఠాకి ఇది ఏడాది రెండేళ్లలోనే తేలిపోవచ్చు. అదే గట్టు మీద రెండు చెట్లు, గాలికి పడిన కొమ్మలు కోసుకునే రైతుకి ఏడాదంతా కలిపి పది లీటర్లు కూడా కాలవు, ఆయనకి ఈ పెట్రోలు మిగులు అన్నది లెక్కలోకే రాదు.

4. మన బంకులో పెట్రోలు సంగతి

అన్నిటికంటే పెద్ద విషయం ఇదే, షోరూముల్లో దీని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. ఇప్పుడు మన దేశంలో బంకుల్లో వచ్చేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్. చేత్తో ట్యూన్ చేసే కార్బరేటర్ ఉన్న మిషన్లకి 10 శాతం దాటొద్దని స్టిల్ మాన్యువల్లోనే రాసి ఉంటుంది. అదే మాన్యువల్లో ఎం-ట్రానిక్ ఉన్న మిషన్లకి 27 శాతం దాకా పర్లేదు అని ఉంటుంది. బ్రెజిల్‌లో పెట్రోలు చాలా ఏళ్ల పాటు అలాంటిదే కదా, అక్కడ నడవాలంటే ఆ మాత్రం ఉండాల్సొచ్చింది.

ఎందుకంత తేడా అంటే, ఇథనాల్‌లో ఆక్సిజన్ కలిసే ఉంటుంది. మామూలు పెట్రోలుకి సెట్ చేసిన జెట్‌లోంచి ఈ20 పోతే మిక్చర్ సుమారు 8 శాతం లీన్ అయినట్టు లెక్క. చైన్ సా అంటే నిమిషానికి 13, 14 వేల రౌండ్లు తిరిగే ఇంజన్, దానికి చల్లదనం, ఆయిల్ రెండూ ఆ పెట్రోలే తెస్తుంది, లీన్ అయితే పిస్టన్ పట్టేస్తుంది. ఎం-ట్రానిక్, ఆటోట్యూన్ మిషన్లు ఇంజన్ ఎలా తిరుగుతుందో చూసుకుని పెట్రోలు వాటంతట అవే పెంచుకుంటాయి, అయినా ఆటోట్యూన్ మిషన్‌కి ఎంత శాతం దాకా ఒప్పుకుంటారో దాని మాన్యువల్లో చూడండి, స్టిల్ అంకె దానికి వాడొద్దు. పాత మిషన్‌కి హెచ్ స్క్రూ, అంటే ఫుల్ రేసులో పెట్రోలు ఎంత రావాలో తేల్చే కార్బరేటర్ స్క్రూ, మీరే తిప్పాలి. ఇక్కడ అడ్డంకి ఎక్కడొస్తుందంటే ఈ రెండింటికీ మధ్య తరం మిషన్ల దగ్గర: పొగ రూల్స్ వచ్చాక హెచ్ స్క్రూ మీద ప్లాస్టిక్ టోపీ పెట్టి కొంచెమే తిరిగేలా కట్టేశారు, కొన్ని చిన్న మిషన్లలో అసలు హెచ్ స్క్రూనే తీసేసి ఫిక్స్‌డ్ జెట్ పెట్టారు. అవి అటు కంప్యూటరూ లేదు, ఇటు చేత్తో తిప్పడానికీ లేదు. మన ఈ20 పెట్రోలుకి నా దృష్టిలో అన్నిటికంటే ఇబ్బంది పడేవి ఇవే.

పాత మిషన్‌ని ఈ20కి సర్దాలంటే ఇలా. ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజన్ బాగా వేడెక్కనిచ్చి, హెచ్ స్క్రూని ఎడమకి చుట్టులో ఎనిమిదో వంతు మాత్రమే తిప్పండి. గాల్లో ఫుల్ యాక్సిలరేటర్ రెండు మూడు సెకన్లు ఇస్తే శబ్దం నున్నగా అరిచినట్టు కాకుండా కొంచెం బరబరమని తెగుతూ రావాలి, చెట్టులో పెట్టగానే ఆ బరబర పోయి నున్నగా లాగాలి. గాల్లోనే నున్నగా కీచుమంటుంటే ఇంకా లీన్‌గా ఉంది, ఇంకో ఎనిమిదో వంతు. చెట్టులో పెట్టినా బరబర పోకపోతే ఎక్కువైపోయింది, వెనక్కి తిప్పండి. చెవి మీద అంత నమ్మకం లేనివాళ్లు ప్లగ్ వైరు దగ్గర పెట్టే చిన్న టాకోమీటర్ ఒకటి కొనుక్కోండి, మాన్యువల్లో ఇచ్చిన గరిష్ట రౌండ్లు దాటకుండా చూసుకుంటే చాలు.

ఇంకో ప్రమాదం నీళ్లు. ఇథనాల్ గాల్లో తేమ పీలుస్తుంది, వానాకాలంలో సగం నిండిన క్యాన్ నెలరోజులు మూల పడేస్తే నీళ్లూ ఇథనాలూ కలిసి కిందకి దిగిపోవచ్చు, పెట్రోలూ ఆయిలూ పైన ఉండిపోతాయి. ట్యాంకులో పెట్రోలు పీల్చే ఫిల్టర్ బరువుగా ఉండి ఎప్పుడూ అడుక్కే పడుకుంటుంది, అంటే మొదట పీల్చేది ఆయిల్ లేని ఆ అడుగు నీళ్లే. ఆ ఒక్క స్టార్టింగ్ చాలు. దీనికి పాతా కొత్తా తేడా లేదు, కంప్యూటర్ కూడా కాపాడలేదు. అవసరమైనంతే కలపండి, పదిహేను ఇరవై రోజులు దాటింది వాడొద్దు, కోత అయిపోయి మూల పెట్టే ముందు ట్యాంక్ ఖాళీ చేసి స్లోలో ఆగేదాకా నడిపి పెట్టండి. పాత మిషన్లలో పెట్రోలు పైపు, కార్బరేటర్ డయాఫ్రమ్ (లోపలి పల్చటి పొర) ఇథనాల్‌కి తొందరగా బిరుసెక్కుతాయి, అవి మార్చే ఖర్చు రేటు మాట్లాడేటప్పుడే తీసేసుకోండి.

ఆయిల్ దగ్గర కక్కుర్తి వద్దు. స్టిల్, హస్క్‌వర్నాలకి వాళ్లు చెప్పిన ఆయిలయితే 50కి 1, అంటే లీటరుకి 20 మిల్లీ. వేరే ఆయిల్ అయితే టూ స్ట్రోక్ ఆయిళ్లకి జపాన్ వాళ్లిచ్చే జాసో ఎఫ్‌డీ గ్రేడ్ చూసి తీసుకోండి, పాళ్లు డబ్బా మీద కాకుండా మిషన్ మాన్యువల్ చూసి కలపండి. చవక 58 సీసీలకి చాలామటుకు 25కి 1 అని రాసి ఉంటుంది, 40 మిల్లీ. రెండు రకాల మిషన్లుంటే రెండు క్యాన్లు పెట్టి మీద పెయింట్‌తో రాసుకోండి.

5. పాత మిషన్ చూసేటప్పుడు

అమ్మేవాడు ముందే స్టార్ట్ చేసి వేడిగా ఉంచితే కాసేపు టీ తాగి చల్లారాక చూస్తానని చెప్పండి. చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్, వేడి మీద ఆపి మళ్లీ స్టార్టింగ్, రెండూ చూడాలి.

తర్వాత సైలెన్సర్ ఊడదీయండి, రెండు మూడు స్క్రూలే. పిస్టన్ కనబడుతుంది, టార్చి లైటు వేసి చూడండి. సైలెన్సర్ వైపు నిలువు గీతలు లోతుగా ఉంటే ఎప్పుడో లీన్ అయి పట్టేసి వదిలిందన్నమాట. కార్బరేటర్ వైపు అరుగుదల మట్టి రంగులో మసకగా ఉంటే ఫిల్టర్ పక్కనుంచి దుమ్ము తిన్నదని. సన్నటి గీతలు ఒకటి రెండు ఉంటే ఫర్వాలేదు, గోరు పెట్టి గీస్తే తగులుతుందంటే బేరం ఆపేయండి, లేదా బోరు కిట్ ధర తగ్గించమనండి. కంప్రెషన్ గేజ్ ఉంటే యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి ముల్లు ఆగేదాకా తాడు లాగండి, 150 పీఎస్ఐ చుట్టుపక్కల వస్తే హాయి, 120 కిందకి ఉంటే ఇంజన్ పని తప్పదు.

గాలి లీకు పట్టుకోవడం కూడా తెలుసుకోండి. ఫుల్ రేసు ఇచ్చి వదిలితే వెంటనే స్లోకి దిగాలి, పైనే వేలాడుతూ నెమ్మదిగా దిగితే ఎక్కడో గాలి లాగుతోంది. స్లోలో పెట్టి మిషన్ని అటూ ఇటూ వంచినా శబ్దం మారకూడదు. కార్బరేటర్ రబ్బరు బూటు, క్రాంక్ సీళ్లు, ఈ రెండే ఎక్కువగా పోయేవి.

హ్యాండిల్ పట్టుకుని ఊపి చూడండి. స్టిల్ 026, 260 కాలం మిషన్లలో అదురు ఆపడానికి రబ్బరు ముక్కలుంటాయి, ఏళ్ల తర్వాత అవి చితికిపోతాయి. 261లో స్ప్రింగులొచ్చాయి. రోజంతా అదురు పట్టినవాళ్లకి వేళ్లు తిమ్మిరెక్కి తెల్లబడటం మీరు చూసే ఉంటారు, అది ముదిరాక తగ్గేది కాదు. రోజూ పనిచేసేవాళ్లు కొత్తదానికి వెళ్లమని నేను చెప్పే కారణాల్లో పెట్రోలు కంటే ఇదే ముందుంటుంది. చైన్ బ్రేకు కూడా నొక్కి చూడండి, ఫుల్ రేసులో ముందు గార్డు తోస్తే చైన్ అక్కడికక్కడే ఆగాలి. ఆగకపోతే బాగు చేయించేదాకా దాంతో ఒక్క కొమ్మ కూడా కోయొద్దు.

6. కొత్తది చూసేటప్పుడు

స్ట్రాటో మిషన్ మొదటిసారి పట్టుకున్నవాడికి "అందుకోవట్లేదేంటి" అనిపిస్తుంది. గాలి రేకు కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది కాబట్టి యాక్సిలరేటర్ నొక్కగానే పాత మిషన్లా ఎగరదు. కానీ చెట్టులో దిగాక రౌండ్లు పడిపోయినప్పుడు లాగుడు చూడండి, అక్కడ బాగుంటుంది. కొమ్మలు నరికేవాడు మాటిమాటికీ రేసు ఇచ్చి వదులుతుంటాడు, వాడికి పాతది నచ్చుతుంది. మొదళ్లు కోసేవాడికి కొత్తది నచ్చుతుంది. ఇద్దరూ నిజమే చెప్తారు, చేసే పనే వేరు.

ఎం-ట్రానిక్, ఆటోట్యూన్ ఉన్నవాటిని షోరూమ్ ముందు నిమిషం నడిపి తీర్పు చెప్పొద్దు. అవి కోత మీద పెడితేనే సర్దుకుంటాయి, కొత్త ఫిల్టరు, కొత్త రకం పెట్రోలు పడ్డప్పుడల్లా కొన్ని కోతల దాకా కొంచెం తికమకగా ఉంటాయి. స్టిల్‌లో క్యాలిబ్రేషన్ పద్ధతి మాన్యువల్లో ఉంటుంది, డీలర్ చేతే ఒకసారి మీ ముందు చేయించుకుని నేర్చుకోండి.

డీలర్ని సూటిగా ఒక ప్రశ్న అడగండి: ఈ మిషన్‌కి కంప్యూటర్ పెట్టి చెక్ చేసే టూల్ మీ దగ్గరుందా, ఉంటే అది తెలిసిన మనిషున్నాడా? ఈ కార్బరేటర్లకి తిప్పే స్క్రూలు ఉండవు, కార్బరేటర్లో పెట్రోలు తెరిచి మూసే సొలెనాయిడ్ పోయిందో, వైరు తెగిందో, కాయిల్ పోయిందో ఆ టూల్ లేకుండా గుడ్డిగా ఒక్కోటీ మార్చుకుంటూ పోవాలి, ఒక్కోటీ ఖరీదే. టూల్ ఉన్న మనిషి వంద కిలోమీటర్ల అవతల ఉంటే కోతల మధ్యలో రెండు మూడు రోజులు పని ఆగిపోతుంది. అలాంటి చోట, ముఠాకి మిషన్లు రెండుంటే ఒకటి కొత్తది, ఒకటి స్క్రూడ్రైవర్‌తో బాగయ్యే పాతది పెట్టుకోమంటా.

7. సైలెన్సర్‌కి బొక్కలు పెట్టొద్దు

కొత్త మిషన్ శబ్దం తక్కువ, గొంతు నొక్కేసినట్టుంది అని సైలెన్సర్ రేకు కోసి పెద్దది చేయించేవాళ్లున్నారు. చేత్తో ట్యూన్ చేసే స్ట్రాటో మిషన్‌కి ఇలా చేస్తే ఇంకా లీన్ అవుతుంది, పైగా ఈ20, రెండూ కలిసి పిస్టన్ని తినేస్తాయి. పైగా లోపలుండే స్పార్క్ అరెస్టర్ జాలీ (నిప్పురవ్వలు ఆపేది) కూడా ఆ పనిలోనే పీకి పడేస్తారు. ఎండాకాలం సరుగుడు తోటలో కింద రాలిన ఎండాకు మందాన ఉంటుంది, అందులో నిప్పురవ్వ పడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. పవర్ తగ్గిందనిపిస్తే ముందు ఆ జాలీ తీసి చూడండి, మసి పట్టి మూసుకుపోయి ఉంటుంది, వైరు బ్రష్‌తో రుద్ది పెడితే సగం సందర్భాల్లో అదే మందు.

8. ఇంతకీ ఎవరికి ఏది

రోజూ కోత, రోజుకి నాలుగైదు లీటర్లు, దగ్గర్లో టూల్ ఉన్న డీలర్: 261 సి-ఎం, 462 సి-ఎం, 550ఎక్స్‌పీ మార్క్ టూ లాంటివి, సందేహం లేదు. పెట్రోలు మిగులు, అదురు, ఈ20 మూడూ అటే మొగ్గుతాయి.

రోజూ కోతే గానీ డీలర్ దూరం: చేత్తో ట్యూన్ చేసే స్ట్రాటో, అంటే 372 ఎక్స్-టార్క్ లాంటిది. హెచ్ స్క్రూ టోపీ ఎంత తిరుగుతుందో ముందే చూడండి, రిచ్ వైపు (పెట్రోలు పెరిగే వైపు) చోటు లేకపోతే వద్దు.

నెలకి ఒకటి రెండుసార్లు వాడే రైతు: పిస్టన్ శుభ్రంగా ఉన్న పాత స్టిల్ 260, హస్క్‌వర్నా 346ఎక్స్‌పీ దొరికితే పట్టుకోండి, పైపులూ డయాఫ్రమ్ మార్పించండి. పాతది అంటే పొగ ఎక్కువే, మూసిన షెడ్డులో, బావి గట్టు గుంటల్లో దాన్ని గానీ కొత్తదాన్ని గానీ నడపకండి, కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు, దానికి వాసన రాదు.

కొబ్బరి మట్టలు, ఇంటి ముందు కొమ్మలు, అంతకుమించి లేదంటే పెట్రోలు మిషనే అక్కర్లేదు, బ్యాటరీది చూడండి. మూల పెట్టినా పాడయ్యే పెట్రోలు అందులో ఉండదు.

కాలిఫోర్నియాలో ఉండి పెరట్లో చెట్ల కోసం అడిగే మనవాళ్లకి విషయం ఇంకోలా ఉంటుంది. 2024 మోడల్ నుంచి అక్కడి కోసం తయారయ్యే కొత్త చిన్న ఇంజన్లు చాలామటుకు సున్నా పొగ ఉండాలని రూలు, 45 సీసీ, ఆ పైన ఉన్న చైన్ సాలు మాత్రం ఆ రాష్ట్రం రూల్ కిందకి రావు, ఫెడరల్ ఈపీఏ కిందే ఉంటాయి. ఇంట్లో ఉన్న పాత చిన్న మిషన్ వాడుకోవచ్చు, దాన్నెవరూ లాక్కోరు. కొత్తగా కొనాలంటే చిన్నదయితే బ్యాటరీ, నిజంగా పెద్ద చెట్లుంటే 50 సీసీ ఎం-ట్రానిక్. అక్కడి పెట్రోలు మామూలుగా ఈ10 కాబట్టి ఇక్కడున్నంత తిప్పలు ఉండవు, సీజన్ అయ్యాక ట్యాంక్ ఖాళీ చేయడం మాత్రం అక్కడైనా తప్పదు.